బూజుకు దారి ఇచ్చిందెవరు?

నంద్యాలలో నేను పాఠం చెప్పే తరగతికి ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో వచ్చే కుర్రవాడొకడున్నాడు. శిలీంధ్రాల పాఠం జరుగుతుండగా లేచి, "సార్, ఎర్రగడ్డ మీద నల్లమచ్చ కనబడితే చాలు, మా అవ్వ పారేస్తుంది. మా తాత కన్ను పోయింది ఆ బూజువల్లనే అంటుంది. నిజమేనా?" అని అడిగాడు.

వాళ్ల తాతకు 2021 మే నెలలో కోవిడ్ వచ్చి తగ్గింది. తగ్గిన రెండు వారాలకు ముఖం ఒకవైపు వాచింది. 'బ్లాక్ ఫంగస్' అన్నారు. ప్రాణం దక్కింది గాని కన్ను తీసివేయవలసి వచ్చింది.

ముందు ఎర్రగడ్డ సంగతి తేల్చుకుందాం. దాని పొరల మీద కనిపించే నల్లని పొడి ఆస్పర్జిల్లస్ నైగర్ అనే బూజు. తాతకు సోకినది వేరు. అది మ్యూకొరేల్స్ అనే వర్గానికి చెందినది. ఆ వర్గంలోని రైజోపస్‌ను మీరు చూసే ఉంటారు. తడిపిన రొట్టెముక్కను మూతపెట్టి నాలుగు రోజులు ఉంచితే దూదిలా పెరిగి, చివరలకు గుండుసూది తలల్లాంటి నల్లని సంచులు కడుతుంది. నంద్యాల అప్పటికి కర్నూలు జిల్లాలోనే ఉండేది. ఉల్లికి పేరుపడిన ఆ జిల్లాలోనే జనం ఉల్లిగడ్డకు భయపడ్డారు!

రైజోపస్ సిద్ధబీజాలు మట్టిలో, పేడకుప్పలో, కుళ్లిన ఆకులలో ఎప్పుడూ ఉంటాయి. మీరూ నేనూ రోజూ వాటిని పీలుస్తూనే ఉన్నాం. మరి మనకెందుకు రాలేదు? ముక్కులోని శ్లేష్మం వాటిని పట్టి ఉంచుతుంది. దాటి వచ్చిన వాటిని తెల్లరక్తకణాలు మింగివేస్తాయి. అయితే 2021 జూలై నాటికి మన దేశంలో 45 వేలకు పైగా ఈ జబ్బు కేసులు నమోదు కావడానికి కారణమేమిటి?

ఇక్కడే వైరస్ పాత్ర మొదలవుతుంది. కోవిడ్ వైరస్ శ్వాసమార్గపు కణాలను దెబ్బతీస్తుంది, రక్షణ వ్యవస్థను గందరగోళపరుస్తుంది. ఆక్సిజన్ అవసరమైన రోగులకు స్టీరాయిడ్ మందు ప్రాణం నిలుపుతుందని 2020లో రుజువైంది. కాని అదే మందు తెల్లకణాల చురుకుదనాన్ని తగ్గిస్తుంది, రక్తంలో చక్కెరను పెంచుతుంది. అవసరం లేనివారు వాడితే నష్టమే మిగులుతుంది. చక్కెర అదుపు తప్పి ముదిరితే రక్తానికి ఆమ్లగుణం వస్తుంది. మామూలుగా ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ రక్తంలోని ఇనుమును గట్టిగా పట్టుకొని ఉంటుంది. ఆమ్లగుణం పెరిగితే ఆ పట్టు సడలుతుంది. రైజోపస్‌కు కావలసింది ఆ ఇనుమే! అది తంతువులు చాచి రక్తనాళాలలోకి చొరబడి వాటిని మూసివేస్తుంది. రక్తం అందని కండ చచ్చి నల్లబడుతుంది. కనుక ఆ నలుపు బూజుది కాదు, చచ్చిన కండది. పేరు పెట్టినవారు ఎవరోగాని, అవ్వకు ఎర్రగడ్డ మీద అనుమానం రావడానికి ఆ పేరే చాలు.

ఒక సూక్ష్మజీవి మరొకదానికి దారి చేయడం కొత్త కాదు. 1892లో ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఇన్‌ఫ్లుయెంజా రోగులలో ఒక బాక్టీరియాను కనుగొని, ఆ జబ్బుకు అదే కారణమన్నాడు. అసలు కారణమైన వైరస్ 1933లో గాని దొరకలేదు. అయినా ఫైఫర్ చూసింది అబద్ధం కాదు. ఆ బాక్టీరియా వైరస్ వెనుక వచ్చినది. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా మృతుల ఊపిరితిత్తుల ముక్కలు అమెరికాలో భద్రపరచి ఉన్నాయి. వాటిని పరిశీలించినవారు, ఆ మరణాలలో ఎక్కువ భాగం వైరస్ తరువాత బాక్టీరియా తెచ్చిన న్యుమోనియావల్లనే జరిగాయని 2008లో ప్రకటించారు.

అది ఎలా జరుగుతుందో చూడండి. శ్వాసనాళంలోని కణాలకు శైలికలుంటాయి. అవి చీపురులా దుమ్మునూ క్రిములనూ పైకి ఊడుస్తాయి. వైరస్ ఆ కణాలను చంపితే ఊడ్చేవారుండరు. పైగా వైరస్‌కున్న ఒక ఎంజైమ్ కణాల ఉపరితలం మీది సయాలిక్ ఆమ్లాన్ని కత్తిరిస్తుంది. అడుగున బయటపడిన చోట న్యుమోకాకస్ అంటుకొంటుంది. సాయం ఒకవైపే కాదు. కొన్ని రకాల స్టఫైలోకాకస్ బాక్టీరియాలు విడుదల చేసే ఎంజైమ్, వైరస్ కణంలోకి దూరడానికి అవసరమైన ప్రోటీన్‌ను కోసి సిద్ధం చేసిపెడుతుంది.

అన్నీ స్నేహితులే అనుకోకండి. మన నోటిలో, పేగులలో ఉండే బాక్టీరియాలు కాండిడా అనే శిలీంధ్రాన్ని అణచి ఉంచుతాయి. ఆంటీబయోటిక్ మాత్రలు ఇష్టం వచ్చినట్లు మింగితే ఆ కాపలా పోయి కాండిడా పెరుగుతుంది. తాతకు బూజును చంపడానికి ఎక్కించిన ఆంఫోటెరిసిన్-బి కూడా స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి బాక్టీరియా తయారుచేసేదే.

పాఠం అయ్యాక ఆ కుర్రవాణ్ణి, "తాతకు అంతకుముందు చక్కెర ఉండేదా?" అని అడిగాను. "ఎవరూ చూపించలేదు సార్. ఆసుపత్రిలో చూస్తే నాలుగు వందలు దాటిందంట" అన్నాడు. నల్లపొడి ఉన్న పొరలు ఒలిచేసి, కడిగి వండుకోవచ్చునని, మెత్తబడి కుళ్లినవి మాత్రం పారేయాలని అవ్వకు చెప్పమన్నాను. ఆమె కూడా ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవాలన్నాను. "ఎర్రగడ్డల సంగతి వింటుంది సార్, సూది అంటేనే రాదు" అన్నాడు.