పగడమును బ్రతికించు పాచి

అశోక్ చౌక్ పరిసరములందలి మన నేతవారి యిండ్లలో తల్లుల మంగళసూత్రమున నల్లపూసల నడుమ ఎఱ్ఱని పగడములు కనబడుచుండును. దీనినే మరాఠీవారు పోవళే అందురు. పెక్కుమంది పగడమును రాయి యని తలంతురు. కాని అది సముద్రమున నివసించు చిన్న జంతువులు కూడబెట్టిన సున్నపు పదార్థము. అట్టి జంతువులలో కొన్నింటికి పాచియే ప్రాణాధారము. సముద్రములు వేడెక్కుచున్న ఈ కాలమున ఆ పాచి వానిని ఎంతవరకు కాపాడగలదో తెలిసికొందము.

పగడపు దిబ్బలు

పగడపు జీవి శరీరము చిన్న గొట్టమువలె నుండును. నోటిచుట్టు వ్రేళ్లవంటి తంతువులుండును. ఇట్టి జీవులు వేలకొలది ఒకచోట చేరి, తరతరములుగా సున్నమును పేర్చి దిబ్బలు కట్టును. సముద్రపు అడుగుభాగములో ఈ దిబ్బలు ఆక్రమించు చోటు నూటికి ఒక వంతు కంటె తక్కువ. అయినను సముద్రప్రాణి జాతులలో దాదాపు నాలుగవ వంతునకు ఇవి ఆశ్రయ మిచ్చుచున్నవి. నగలకు వాడు ఎఱ్ఱ పగడము వేఱు జాతి. అది వెలుతురు తక్కువగు చోట్ల, పాచి సహాయము లేకయే పెరుగును.

మన మహారాష్ట్రమున సింధుదుర్గము కోట యున్న మాల్వణ్ తీరమునను, తమిళనాట రామేశ్వరమునకును తూత్తుకుడికిని నడుమ మన్నారు సింధుశాఖలోను, లక్షద్వీపములలోను, అండమాన్ దీవులలోను పగడములు కలవు. ఆంధ్రతీరమున పెద్ద దిబ్బలు లేవు. మన భీమను కలుపుకొని పోవు కృష్ణయు, గోదావరియు తెచ్చు మంచినీరు, ఒండ్రుమట్టి అందులకు ముఖ్యకారణములు. దిబ్బలు కట్టు పగడమునకు ఉప్పునీరు, తేటనీరు, సూర్యకాంతి కావలెను.

సహజీవనము

సూర్యకాంతి కావలసినది నిజమునకు పగడమునకు కాదు, దాని కణములలో కాపురమున్న పాచికి. శాస్త్రమున దీనిని శైవల మందురు. కంటికి కానరాని ఈ శైవలములు ఎండవలన ఆహారమును తయారుచేసి, అందు అధికభాగమును పగడమున కిచ్చును. పగడమునకు వలయు శక్తిలో నూటికి తొంబది పాళ్ల వరకు ఇట్లే లభింపవచ్చును. బదులుగా పగడము పాచికి ఇల్లును, బొగ్గుపులుసు వాయువును, ఎరువుగా తన వ్యర్థములను ఇచ్చును. పడుగు లేక పేక నిలువదు, పేక లేక పడుగు బట్ట కాదు. వీని స్నేహమును అట్టిదే.

వేడిమి వలన కీడు

వేసవిలో మామూలుగా నుండు గరిష్ఠ వేడిమికంటె ఒక్క డిగ్రీ హెచ్చి, అట్లే కొన్ని వారములు నిలిచినచో ఈ స్నేహము చెడును. వేడికి పాచిలోని ఆహారోత్పత్తి యంత్రాంగము దెబ్బతిని, కణములకు హాని చేయు ప్రాణవాయు రూపములు పుట్టును. అంతట పగడము పాచిని వెళ్లగొట్టును. రంగులో అధికభాగము పాచిదే కావున పగడము తెల్లబారును. అప్పటికి అది చావలేదు; నీరు త్వరగా చల్లబడి పాచి మరల చేరినచో కోలుకొనును. లేనిచో ఆకలితో చచ్చును. లక్షద్వీపములలో 1998, 2010, 2016, 2024 సంవత్సరములలో పగడములు ఇట్లు తెల్లబారెను.

ఓర్పు గల పాచి

పాచి అంతయు ఒక్క తీరుది కాదు. 2018లో శాస్త్రజ్ఞులు దానిని పలు ప్రజాతులుగా విభజించిరి. అందు డ్యురుస్డినియమ్ అను ప్రజాతిలో వేడికి ఓర్చు రకములు కలవు. ఆస్ట్రేలియా పగడములపై జరిపిన పరిశోధన 2006లో వెలువడినది. తెల్లబారి కోలుకొన్న కొన్ని పగడములలో మునుపటి పాచికి బదులు ఈ జాతి పాచి ప్రబలెను. అందువలన వాని ఓర్పు 1 నుండి 1.5 డిగ్రీల వరకు పెరిగెను. కాని ఈ పాచి ఇంటివారికి తక్కువ ఆహార మిచ్చును. అట్టి పగడముల పెరుగుదల సుమారు మూడవ వంతు తగ్గినట్లు తర్వాతి పరిశీలనలో తేలెను.

మన తెలుగువారనేకులు ఉపాధికై పోవు గల్ఫ్ దేశముల తీరమున వేసవిలో సముద్రజలము 35 డిగ్రీల వరకు కాగును. అచ్చటి పగడములు మఱొక ఓర్పు గల పాచితో జీవించుచున్నవి. అయినను 2017లో అవియు తెల్లబారి పెక్కు నశించెను.

కావున ఈ పాచి ఇచ్చునది గడువు మాత్రమే. షావుకారు అప్పునకు గడువు పొడిగించినంత మాత్రమున అప్పు తీరదు గదా! భూమి సగటు వేడిమి 1.5 డిగ్రీలు పెరిగినచో పగడపు దిబ్బలలో నూటికి 70 నుండి 90 వంతులు క్షీణించునని, 2 డిగ్రీలైనచో దాదాపు అన్నియు నశించుననియు 2018లో అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘము హెచ్చరించెను. బొగ్గు, చమురు మండించుట తగ్గించినగాని ఈ అప్పు తీరదు. పాచి ఇచ్చిన గడువులోనే మానవుడు ఆ పని చేయవలెను.

విద్యార్థులకు అభ్యాసము

1. కంది లేక వేరుసెనగ మొక్కను వేళ్లతో పెకలించి, వేళ్లపై గల బుడిపెలను చూడుడు. అచ్చట ఎవరు ఎవరికి ఆశ్రయ మిచ్చుచున్నారు?
2. తెల్లబారిన పగడమును చచ్చిన పగడమని ఏల అనరాదు?
3. ఓర్పు గల పాచి వలన పగడమునకు కలుగు లాభ మేమి? నష్ట మేమి? ఇంట పెద్దలకు మీ మాటలలో వివరింపుడు.