కర్రపెండలానికి బెట్ట ఎప్పుడు తగిలింది?

చి. మనవరాలికి,

కర్రపెండలం ఎదుగుదలను లెక్కగట్టే కంప్యూటర్ మోడల్ చేతికొచ్చిందనీ, ఈ ఏడు మన మెట్టలో ఎకరానికి ఎంత పండుతుందో చెప్పేస్తాననీ రాశావు. ఆ తొందర వద్దమ్మా. దిగుబడి సంగతి తర్వాత. బెట్ట ఏ నెలలో తగిలితే ఎంత నష్టమో ముందు అడుగు.

కాగితం మీద చిన్న లెక్క వెయ్యి. వేళ్లకు అందే తేమ 100 మిల్లీమీటర్లుందనుకో. రోజుకు 4 మిల్లీమీటర్ల చొప్పున ఖర్చయితే 25 రోజులొస్తుంది. కింద రాయి తగిలి నేల సగం లోతే ఉంటే పన్నెండు రోజులకే అడుగంటుతుంది. అందుకే వానల పట్టిక తెరిచే ముందు గుంట తవ్వి నేల లోతు చూడు.

అయితే కర్రపెండలం ఇంత తేలిగ్గా లెక్కకు లొంగదు. గాలి పొడిబారితే ఆకు రంధ్రాలు మూసుకుంటుంది, కొత్త ఆకు తగ్గిస్తుంది, పాత ఆకు రాలుస్తుంది. తేమ మరికొన్ని రోజులు వస్తుంది గానీ ఎదుగుదల కుంటుపడుతుంది. ఇదంతా ఏ రోజుకారోజు లెక్కగట్టడానికే మోడల్. 1994లో మాథ్యూస్, హంట్ ప్రకటించిన గమ్‌కాస్ మోడల్‌లో ఆకులకూ కాండానికీ పోగా మిగిలిన ఆహారమే దుంపకు చేరుతుంది. కాబట్టి నాటిన తొలి ఐదు నెలల్లో బెట్ట తగిలితే ఆకు గుబురు కట్టదు, దుంప ఊరదు. ముదిరిన పైరు చాలావరకు ఓర్చుకుంటుంది. కానీ బెట్ట తర్వాత వాన పడితే, చిగురు వేయడానికి దుంపలోని పిండినే వాడుకుంటుంది. అప్పుడే తవ్వితే పిండి శాతం పడిపోతుంది. సామర్లకోట, పెద్దాపురం సగ్గుబియ్యం మిల్లులకు తోలే రైతుకు అది నేరుగా నష్టమే.

తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ చేసిన సిమ్‌కాస్ మోడల్ ఉంది, డీశాట్ అనే పంటల మోడళ్ల సాఫ్ట్‌వేర్‌లోనూ కర్రపెండలం మోడల్ ఉంది. ఏది వాడినా నెలకోసారి నాలుగు మొక్కలు పీకి, ఆకు, కాండం, దుంప విడదీసి ఆరబెట్టి తూచు. నీ తూకానికీ మోడల్ అంకెకూ పొంతన కుదిరాకే ముందుకెళ్లు.

అప్పుడు మోడల్‌కు గడచిన 30 ఏళ్ల వాతావరణం ఇచ్చి, కాండపు ముచ్చెలు నాటే తేదీని వారం వారం జరిపి చూడు. రైతుకు ఒక్క తేదీ చేతిలో పెట్టకు. ఫలానా వారం నాటితే పదేళ్లలో ఎన్నేళ్లు తొలి నెలల బెట్ట తప్పిందో, ఒకే తడికి నీళ్లుంటే ఎప్పుడు పెట్టాలో చెప్పు. తన పొలానికి ఏది నప్పుతుందో ఆయనే తేల్చుకుంటాడు.

ఇట్లు,
తాతయ్య