ఒగ్గు కథ – తరగని ఆకర్షణ

తెలంగాణ జానపద కళారూపాలలో ఒగ్గు కథకు విశిష్ట స్థానం ఉంది. ఒగ్గు అనగా శివుని చేతి డమరుకం. దానిని మోగిస్తూ కథ చెప్పుట వలన ఈ కళకు ఆ పేరు వచ్చింది. మెట్‌పల్లి, వేములవాడ ప్రాంతాలు గల పూర్వపు కరీంనగర్ జిల్లా ఈ కళకు ఆదరువైన నేలలలో ఒకటి. ఇక్కడ కురుమ, గొల్ల కులాల కళాకారులు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను తరతరాలుగా గానం చేస్తున్నారు.

మల్లన్న కథ పల్లె ప్రజలకు కొత్తది కాదు. దాని ముగింపు అందరికీ తెలిసినదే. అయినను వారు రాత్రి పొద్దుపోయే వరకు మేల్కొని వింటారు. ఇందుకు కారణం కథలో కంటె కథనంలోనే ఎక్కువగా కనిపిస్తుంది. ప్రధాన కథకుడు కాళ్ళకు గజ్జెలు కట్టి, పాడుతూ, ఆడుతూ, అభినయిస్తాడు. భుజంమీది వస్త్రాన్ని కొంగుగా మార్చి క్షణంలో స్త్రీపాత్ర ధరిస్తాడు. వంతపాటగాడు మధ్యమధ్య సందేహాలు అడిగి నవ్విస్తాడు. డోలు, తాళాల వేగం పెరిగినకొద్దీ ప్రేక్షకులలో ఉత్సాహం పెరుగుతుంది. ఆ ఉత్సాహమే తిరిగి కథకునికి బలమవుతుంది. అందువలన ఒకే కథ ఏ రెండు రాత్రులూ ఒకే విధంగా సాగదు. ఇంట పాటల రికార్డులు ఉన్నప్పటికీ పాశ్చాత్య దేశాల యువత రాక్ బృందాల ప్రత్యక్ష ప్రదర్శనలకు తరలిపోవడానికి కూడా ఇదే కారణం.

వేములవాడ సమీపంలోని హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు తలపై బోనం నిలిపి, అది జారకుండ నాట్యమాడి ప్రఖ్యాతి పొందారు. 1990లో మారిషస్‌లో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభలలో ఆయన ఒగ్గు కథను ప్రదర్శించారు. చుక్క సత్తయ్య 2004 సంవత్సరానికి కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు. 2010లో రాములు, 2017లో సత్తయ్య కన్నుమూశారు.

వారి గానాన్ని యంత్రాలు భద్రపరచగలవు. కాని ప్రేక్షకుల ముఖాలు చూసి కథను పెంచే, తగ్గించే నేర్పు గురువు పక్కన డోలు పట్టి నిలిచిన శిష్యునికే అబ్బుతుంది. శిష్యుడు ఆ విద్యలో నిలవాలంటే దానితో అతనికి జీవనం గడవాలి. రాత్రంతా సాగే కథ వేదికలపై కొద్ది నిమిషాల ప్రదర్శనగా కుదించుకుపోతే ఆ నేర్పు అలవడే అవకాశం ఉండదు. కనుక పురస్కారాలతోపాటు, కథ చెప్పించే ఊళ్ళు, కూర్చుండి వినే యువతరం ఈ కళకు అవసరం.