సరకులకు రేడియో చీటీ

ఇబ్రహీంపట్నమునుండి నాగార్జునసాగరు రోడ్డుమీదుగా హైదరాబాదునకు పోవువారు బొంగ్లూరు వద్ద ఔటరు రింగు రోడ్డును దాటుదురు. ఆ రోడ్డు సుంకపు ద్వారముల యందు, మోటారుబండి ముందరి అద్దమునకు అంటించిన ఫాస్టాగ్ చీటీని యంత్రము ముట్టకయే చదువుట మన విద్యార్థులలో పలువురు చూచియేయుందురు. ఆ విద్యయే నేడు అంగళ్లకు సరకు చేర్చు వ్యాపారమునందును ఉపయోగపడుచున్నది. దానిని గూర్చి యించుక వివరింపగోరుచున్నాము.

ఈ చీటీయందు పలుచని లోహపు రేకుతో చేసిన ఏరియలును, ఆవగింజ కంటె చిన్నదైన సిలికాను తునకయు కలవు. బ్యాటరీ లేదు. చదువు యంత్రము పంపు రేడియో తరంగములనుండియే ఆ తునక శక్తిని గ్రహించి, వానినే మార్చి, తన సంఖ్యను తిరిగి తెలుపును. ఎండలో అద్దమును త్రిప్పుచు గోడపై వెలుగు నాడించు బాలుడు వెలుగును తాను పుట్టింపడు, వచ్చినదానినే మరలించును. చీటీ పనియు నట్టిదే. మన దేశమున నిందుకు వాడు తరంగముల పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. లోహము వీనిని అడ్డగించును, నీరు పీల్చివేయును. ఫాస్టాగును రేకుపై గాక అద్దముపై అంటించుటకు కారణ మిదియే.

అమెరికాలోని ట్రాయ్ పట్టణమున 1974 జూన్ 26న తొలిసారిగా అంగడిలో చదువబడిన గీతల చీటీ, అనగా బార్‌కోడు, సాధారణముగా వస్తువు రకమునే తెలుపును. దానిని ఒక్కొక్కటిగా యంత్రమునకు చూపవలెను. రేడియో చీటీ యన్ననో ప్రతి వస్తువునకు వేరు సంఖ్య నిచ్చును. పెట్టె విప్పకయే లోపలివానిని చదువవచ్చును.

2003లో వాల్‌మార్టు సంస్థ తనకు సరకు పంపు పెద్ద వర్తకులు నూరుగురిని, 2005 జనవరి నాటికి పెట్టెలకు ఇట్టి చీటీలు అంటింపుడని కోరెను. ఆర్కాన్సా విశ్వవిద్యాలయమువారు 2005లో పరిశీలింపగా, చీటీలు వాడిన ఆ సంస్థ దుకాణములలో సరకు నిండుకొనుట నూటికి 16 వంతులు తగ్గెను. అయినను ఖర్చు మిక్కుటమగుటచేతను, నీటి సీసాలు లోహపు డబ్బాలు సరిగా చదువబడకపోవుటచేతను ఆ ప్రయత్నము అనుకొన్నంత వేగముగా సాగలేదు. బట్టల వ్యాపారమున కిది బాగుగా నమరెను. అందు నీరును లోహమును అరుదు, కొలతలును రంగులును పెక్కు. హైదరాబాదునందును దుకాణములున్న డెకాథ్లాన్ సంస్థ తన క్రీడావస్తువులకు ఈ చీటీలనే వాడుచున్నది.

అయితే ఒక్క సంగతి మరువరాదు. యంత్రము చదువునది చీటీని; వస్తువును కాదు. చీటీ ఊడి నేలబడినను వస్తువున్నట్లే లెక్కకు వచ్చును. తప్పుసంఖ్య అంటించినచో తప్పే వేగముగా వ్యాపించును. మరియు కొన్నవాని వస్తువుమీది చీటీని తొలగింపకున్నచో, అతడెరుగకయే ఇతరులు చదువవచ్చును. కావున దానిని తీసివేయుమని యడుగుట కొనువాని హక్కని తలచుచున్నాము.

రేపు గిడ్డంగులలో పనికి పోవు మన విద్యార్థులకు లెక్కపెట్టు శ్రమ తగ్గును గాని లెక్క సరిచూచు బాధ్యత తగ్గదు. వారు యంత్రమును వాడనేర్చుకొనవలెను. అప్పుడప్పుడొక పెట్టె విప్పి, చేతితో లెక్కించి, యంత్రము చెప్పిన సంఖ్యతో పోల్చి చూడవలెను.