కొంటానని మాటిచ్చి కొనకపోతే: సహజ సేద్యం రైతుకు అగ్రిమెంటు పాఠం

దేశీ బియ్యం, గానుగ నూనె కొనేవాళ్లతో అగ్రిమెంటు ఎట్లా రాసుకోవాలో పై వీడియోలో చెప్పినా. వీడియోలో సెక్షన్లు చదివితే చూసేవాళ్లు పారిపోతారు కాబట్టి ఆ భాగం ఇక్కడ రాస్తున్నా. నిదానంగా చదువుకోండి, అవసరమైతే మీ వకీలుకు చూపించండి.

ముందు మన పక్కనే జరిగింది చూద్దాం. 2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోతే, ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు అని ప్రకటించింది. అందులో 8 గుజ్జు ఫ్యాక్టరీలు ఇవ్వాలి, 4 ప్రభుత్వం ఇస్తుంది. ఫ్యాక్టరీల నుంచి ఆ 8 పూర్తిగా రాలేదని చిత్తూరు జిల్లా రైతులు రోడ్డెక్కారు. రాజకీయం పక్కన పెట్టి, దీన్ని అగ్రిమెంటు లెక్కన చూడండి. ప్రభుత్వం ధర ప్రకటించడం వేరు, ఫ్యాక్టరీ 'నీకు ఇంత ఇస్తా' అని ఒప్పుకోవడం వేరు. కాయ దించాక మన చేతికొచ్చిన చీటీలో బరువు, బండి నంబరు మాత్రమే ఉండి రేటు లేకపోతే, ఎంతకు ఒప్పుకున్నారని అడిగినప్పుడు ఏం చూపిస్తాం? ధర తేల్చుకోకుండా సరుకు ఇస్తే 'సమంజసమైన ధర' చెల్లించాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 9వ సెక్షన్ చెబుతుంది. పంట విరగకాసిన ఏడాది ఆ సమంజసమైన ధర ఏదంటే, ఆ రోజు మార్కెట్ రేటే అని వాళ్ల వకీలు వాదిస్తాడు. అందుకే చీటీ మీద రేటు రాయించుకోకుండా బండి వెనక్కి తిప్పొద్దు.

నోటి మాట చెల్లదని మనోళ్లలో చాలామంది అనుకుంటారు. చెల్లుతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం అగ్రిమెంటు కాగితం మీదే ఉండాలని లేదు. ఇష్టపూర్వకంగా ఒప్పుకుని, ఇచ్చిపుచ్చుకునేది ఉంటే చాలు. కష్టమంతా రుజువు దగ్గరే. వాట్సాప్‌లో 'ఓకే అన్నా, టన్ను పంపించండి, 90 ఫైనల్' అని వచ్చిన మెసేజ్ కూడా సాక్ష్యమే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద దానికి ఒక సర్టిఫికెట్ జతచేయాల్సి ఉంటుంది, ఆ పని వకీలు చూసుకుంటాడు. మనం చేయాల్సింది ఆ చాట్ డిలీట్ చేయకుండా ఉండటం, ఫోన్ మార్చేటప్పుడు బ్యాకప్ తీసుకోవడం. ఫోన్‌లో మాట్లాడుకున్నాక 'ఇప్పుడు అనుకున్నట్టు నవార బియ్యం 1,000 కిలోలు, కిలో 90, ఫలానా తేదీకి' అని ఒక మెసేజ్ పెట్టి, అవతల నుంచి జవాబు రాబట్టండి. రెండు నిమిషాల పని.

'క్వాలిటీ బాగలేదు' అనే మాట దగ్గర

సహజ సేద్యం సరుకులో మాట తప్పేవాడు 'నేను కొనను' అని నేరుగా చెప్పడు. 'క్వాలిటీ రాలేదన్నా' అంటాడు. బియ్యంలో నూక ఎక్కువైందంటాడు, తేమ ఉందంటాడు, మందుల అవశేషం వచ్చిందంటాడు. బయట రేటు తగ్గిన వారంలోనే ఈ లోపాలన్నీ బయటపడతాయి, గమనించండి!

అగ్రిమెంటులో అన్నిటికంటే జాగ్రత్తగా రాయాల్సింది ఇదే. క్వాలిటీ ఎక్కడ చూస్తారు, ఎవరు చూస్తారు, ఎన్నిరోజుల్లో చెబుతారు? చెన్నైలోనో బెంగళూరులోనో వాళ్ల గోడౌన్‌లో చూస్తామంటే ఒప్పుకోవద్దు. బండి ఎత్తకముందే మన కళ్లం దగ్గరే చూడాలి. తేమ ఎంత శాతం లోపు, నూక ఎంత శాతం దాకా అని అంకెల్లో రాయాలి. 'మంచి నాణ్యత' అని రాస్తే ఎవరి నోటికొచ్చింది వాళ్లు చెబుతారు. ఇద్దరి ముందే శాంపిల్ తీసి మూడు పొట్లాలు కట్టి, సీలు వేసి, ఇద్దరూ సంతకం పెట్టండి. ఒకటి ఆయనకు, ఒకటి మనకు, మూడోది ఇద్దరికీ నమ్మకమున్న మనిషి దగ్గర. అవశేషాల మీద గొడవ వస్తే ఆ మూడో పొట్లం ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పోవాలి, ఆ ఖర్చు ఎవరిదో కూడా ముందే రాయాలి. పక్క మడిలో కొట్టిన మందు గాలికి మన చేలోకి వచ్చే అవకాశం ఉన్నచోట ఇది మరీ ముఖ్యం. పీజీఎస్ సర్టిఫికెట్ ఒక్కటి చూపిస్తే ఈ గొడవ తీరదు.

ఇవేమీ రాసుకోకపోయినా వస్తు విక్రయ చట్టం కొంత కాపాడుతుంది. సరుకు పరీక్షించుకునే హక్కు కొనేవాడికి 41వ సెక్షన్ ఇచ్చింది. కానీ సరుకు దించుకుని, వద్దని చెప్పకుండా సమంజసమైన గడువు దాటేదాకా ఉంచుకుంటే ఒప్పుకున్నట్టే అని 42 చెబుతుంది. నెల తర్వాత పురుగు పట్టిందని ఫోన్ చేసేవాడికి ఇదే జవాబు. ఇంకో మెలిక ఉంది. న్యాయంగా తిరస్కరిస్తే ఆ సరుకు మన ఊరికి తిరిగి పంపే బాధ్యత ఆయనది కాదు (43వ సెక్షన్), వేరేగా రాసుకుంటే తప్ప. మళ్లీ లారీ బాడుగ మన మీద పడకుండా ఆ ఒక్క వాక్యం చేర్చుకోండి.

నష్టం లెక్క ఎట్లా

కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ఇది. లెక్క కోసం ఒకటి అనుకుందాం. 1,000 కిలోల బియ్యం కిలో 90కి ఒప్పుకుని ఆయన తీసుకోలేదు. మీరు వేరేచోట 62కి అమ్మినారు. తేడా 28,000. మళ్లీ సంచులు, బాడుగ 2,000 అయింది. మొత్తం 30,000 అడగొచ్చు. ఆ రెండో అమ్మకం బిల్లు మీ దగ్గర ఉండాలి, నష్టానికి రుజువు అదే. ఆయన బుద్ధి తెచ్చుకుంటాడని ఆరునెలలు మూటలు అట్లే పెట్టుకుంటే, పురుగు తిన్న భాగం ఆయన నెత్తిన వేయలేరు. నష్టం తగ్గించుకునే ప్రయత్నం మనం చేసినామా లేదా అని కోర్టు చూస్తుంది. 'ఈ వరి వేయకుండా చెనిక్కాయ వేసుంటే లక్ష వచ్చేది' అనే లెక్క కూడా నిలబడదు.

ఇదే లెక్క మనకూ వర్తిస్తుంది. అడ్వాన్సు తీసుకుని, రేటు పెరిగిందని ఇంకొకరికి అమ్మేస్తే మాట తప్పింది మనమే. అడ్వాన్సుతో పాటు ఆయన బయట ఎక్కువ పెట్టి కొన్న తేడా కూడా కట్టాలి. అగ్రిమెంటులో 'తప్పితే రెండు లక్షలు జరిమానా' అని చూసి మాత్రం హడలిపోవద్దు. 74వ సెక్షన్ ప్రకారం రాసిన మొత్తం గరిష్ఠ హద్దు మాత్రమే, కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారం.

మొక్కలో, విత్తనమో, దుంపలో వాళ్లే అమ్మి, పంట మళ్లీ వాళ్లే కొంటామనే బైబ్యాక్ స్కీములు వేరే రకం. దీనిమీద సుప్రీంకోర్టు 2020 మార్చి 6న ఇచ్చిన తీర్పు ప్రతి రైతుకూ తెలియాలి. హైదరాబాద్‌కు చెందిన నందన్ బయోమ్యాట్రిక్స్ అనే కంపెనీ సఫేద్ ముస్లీ సాగుకు నాటుదుంపలు ఇచ్చి, పంట తిరిగి కొంటామని 2004లో ఒక మహిళా రైతుతో ఒప్పందం చేసుకుంది. పంట కొనలేదని ఆమె వినియోగదారుల ఫోరానికి పోయింది. ఆమె పంట అమ్ముకునేది లాభానికి కాబట్టి వినియోగదారు కాదని కంపెనీ వాదన. జీవనోపాధి కోసం సాగు చేసే రైతు వినియోగదారే అని సుప్రీంకోర్టు తేల్చింది. అయితే తేదీలు మళ్లీ చూడండి. 2004 ఒప్పందం, 2020 తీర్పు. పదహారేళ్లు పట్టింది ఆమెకు ఆ గడప తొక్కే హక్కు ఉందా లేదా అని తేలడానికే. మన వైపు చట్టం ఉన్నా కోర్టు దాకా పోకుండా తెంచుకునే దారి ముందు వెతకమని నేను చెప్పేది ఇందుకే. వినియోగదారుల కమిషన్‌కు పోవాలంటే గడువు 2 ఏళ్లు, 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. మన సొంత విత్తనంతో పండించి ఊరికే అమ్మిన సరుకుకు ఈ దారి పనికిరాదు, దానికి సివిల్ కోర్టే. అక్కడ గడువు 3 ఏళ్లు.

డబ్బు ఆపేస్తే

గానుగ, బెల్లం, చిరుధాన్యాల మిల్లు లాంటి యూనిట్ నడిపేవాళ్లు అమ్మకం మొదలుపెట్టకముందే ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించుకోండి, అది ఉచితం. పొలంలో పంట పండించడానికి మాత్రం అది ఇవ్వరు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వకంగా గడువు లేకపోతే 15 రోజుల్లో, గడువు రాసుకున్నా 45 రోజులు మించకుండా డబ్బు ఇవ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు, అది ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు పోతుంది. మీ బిల్లు మీద ఉద్యం నంబరు ముద్రించి ఉంటే అడగకుండానే డబ్బు కదిలే అవకాశం ఎక్కువ.

ఇంకొకటి. 'రైతుకూ కంపెనీకీ గొడవ వస్తే ఆర్డీఓ తేలుస్తాడు' అని కొన్ని పాత వీడియోల్లో ఇంకా వినిపిస్తోంది. అది 2020 కేంద్ర చట్టంలోని మాట. దాన్ని 2021 జనవరిలో సుప్రీంకోర్టు నిలిపివేసింది, అదే ఏడాది పార్లమెంటు రద్దు చేసింది. ఆ చట్టం పేరుతో ఆర్డీఓ ఆఫీసు చుట్టూ తిరగొద్దు.

దానికంటే లోక్ అదాలత్ మేలు. కేసు వేయకముందే అక్కడికి పోవచ్చు, ఫీజు లేదు, ఇద్దరూ ఒప్పుకుంటే వచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. మన ఏర్పేడు వాళ్లు శ్రీకాళహస్తి కోర్టులోని న్యాయ సేవా సంఘంలో అడగొచ్చు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీ వాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా వకీలును ఉచితంగా పెడతారు.

అంతకుముందు ఒక నోటీసు పంపండి. ఏ తేదీన ఏం ఒప్పుకున్నారు, ఎంత సరుకు పోయింది, ఎంత రావాలి, 15 రోజుల గడువు. ఇంతే, తిట్లు రాయొద్దు. 2025 సెప్టెంబరు నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి కౌంటరులో స్పీడ్ పోస్టుకే అడిగి, చేరినట్టు రుజువు తీసుకోండి. జవాబుగా ఆయన 'కొంచెం టైం ఇవ్వండి, బాకీ కట్టేస్తా' అని సంతకంతో రాసిస్తే దాన్ని పారేయొద్దు. గడువు లోపల వచ్చిన అట్లాంటి కాగితంతో ఆ 3 ఏళ్ల లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.