పరపతి స్కోరు: ఖర్చు లేకుండా తెలుసుకోవడం ఎలా?

పూర్వం ఊళ్ళో షావుకారు అప్పివ్వాలంటే ఎదుటి మనిషి ఇల్లూ వాకిలీ, మాట మీద నిలబడే తీరూ చూసేవాడు. చూసినదాన్ని తన ఖాతా పుస్తకంలో రాసుకునేవాడు. ఆ పుస్తకం చూపించమని అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. నేడు బ్యాంకులు కూడా మనపై రాసిన ఒక చిట్టా చూశాకే అప్పిస్తున్నాయి. తేడా ఏమంటే, ఈ చిట్టాను పైసా ఖర్చు లేకుండా చూసుకునే హక్కు మనకుంది. ఆ సంగతి తెలియనివారు చదువుకున్న మనలోనే చాలామంది!

ఏమిటీ స్కోరు?

ఈ పనికి మన దేశంలో 2000లో ఏర్పడిన సంస్థ సిబిల్. అందుకే 'సిబిల్ స్కోరు' అన్న మాట వాడుకలో నిలిచిపోయింది. 2005లో దీనికొక ప్రత్యేక చట్టం వచ్చింది. ఇప్పుడు రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్నవి నాలుగు సంస్థలు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు మన అప్పుల వివరాలను నాలుగింటికీ పంపాలి. వాటిని బట్టి 300 నుంచి 900 వరకు ఒక అంకె వేస్తారు. అంకె పెరిగేకొద్దీ అప్పిచ్చేవాడికి నమ్మకం. ఎవరి లెక్క వారిది గనుక నాలుగు చోట్లా అంకె ఒక్కటిగా లేదని కంగారుపడనక్కరలేదు.

విద్యార్థులకు దీనితో ఏం పని?

చాలా పని ఉంది. విద్యారుణం కాగితాల మీద మామూలుగా విద్యార్థి సంతకంతో పాటు తండ్రిదో తల్లిదో కూడా ఉంటుంది. కొడుకు కట్టని వాయిదా తండ్రి చిట్టాలోనూ ఎక్కుతుంది. రేపు చెల్లెలి చదువుకు అప్పు కావలసి వచ్చినప్పుడు ఆ మచ్చే అడ్డు నిలవవచ్చు. స్నేహితుడికి హామీ సంతకం పెట్టినా అంతే. సెల్‌ఫోన్‌లో క్షణంలో దొరికే రెండు మూడు వేల అప్పు కూడా అప్పే.

ఎలా చూసుకోవాలి?

రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2017 జనవరి 1 నుంచి ప్రతి సంస్థా ఏడాదికొకసారి స్కోరుతో సహా పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. ఆ సంస్థ సొంత వెబ్‌సైటుకే వెళ్ళి, ఉచిత వార్షిక నివేదిక అన్న చోట పాన్ నంబరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు ఇస్తే చాలు. మధ్యలో నెలసరి చందా కట్టమని అడిగే పేజీలు ఎదురవుతాయి. వాటి జోలికి పోవద్దు.

నాలుగు సంస్థలున్నాయి గనుక మూడు నెలలకొకటి చొప్పున అడిగితే ఏడాది పొడుగునా ఉచితంగానే కనిపెట్టి ఉండవచ్చు. మన స్కోరు మనం చూసుకుంటే తగ్గిపోతుందన్నది ఉత్త అపోహ. అప్పు కోసం దరఖాస్తు పెట్టినప్పుడు బ్యాంకు చూడడం వేరు, మనం చూసుకోవడం వేరు. ఇక ఉచిత స్కోరంటూ ఊరించే యాప్‌లు మన వివరాలు తీసుకొని అప్పులు అంటగట్టే ప్రయత్నం చేస్తాయి. అనుమతులు చదవకుండా 'సరే' నొక్కకండి.

ఏం చూడాలి?

అంకె ఒక్కటే చూసి మూసేయకూడదు. పేరు, పాన్ సరిగ్గా ఉన్నాయా? మనం చేయని అప్పేదైనా ఉందా? తీర్చేసిన అప్పు ఇంకా బాకీగానే ఉందా? కొంత తగ్గించి రాజీ పడ్డ ఖాతాకు 'సెటిల్డ్' అని రాస్తారు. అది పూర్తిగా తీర్చినట్టు కాదు. అసలు అప్పే చేయనివారికి స్కోరు ఉండదు. అది తప్పు కాదు.

తప్పు కనిపిస్తే అదే వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టాలి. అటు బ్యాంకుకు కూడా రాయాలి. రసీదులు, 'బాకీ లేదు' పత్రం జతచేయాలి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపైన రోజుకు రు. 100 చొప్పున పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. అప్పటికీ న్యాయం జరగకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు.

మిత్రులారా! బ్యాంకు మేనేజరు "మీ స్కోరు బాగాలేదండీ" అన్న రోజున తప్పు వెతకడం మొదలుపెడితే, అది దిద్దేలోగా కళాశాలలో సీటు గడువే దాటిపోవచ్చు. అప్పు అవసరం లేని రోజునే చిట్టా చూడండి. ఇంట్లో అమ్మానాన్నలది కూడా వారి పక్కన కూర్చుని చూపించండి. మనం చదువుకున్నందుకు వారికి ఆ మాత్రమైనా చేయాలి కదా.