మేఘదూత్ తెరను జదువుట

2019వ సంవత్సరమున వెలువడిన మేఘదూత్ యాప్ తెరమీఁద నుష్ణోగ్రత, వర్షము, తేమ, గాలి యను వాని యంకెలు గానవచ్చును. తేమ యెదుట నుండు శాతము గాలిలోని యావిరికిఁ గొలతయే గాని వాన వచ్చుననుటకు గుర్తు గాదు. మేమును దొలుత 90 శాతమును జూచి వాన యని బెదరి, కోఁతకు వచ్చిన వరిని నాలుగు దినములు నిలిపితిమి. వాన రాలేదు, గింజ రాలినది.

వర్షమును మిల్లీమీటర్ల యంకెలోనే చూడవలెను. ఒక మిల్లీమీటరు వాన యనఁగా నెకరమునకు సుమారు 4,000 లీటర్ల నీరు. దినమునకు 2.5 మొదలు 15.5 వఱకు తేలికవాన, 64.5 మొదలు భారీవర్షము. గాలిదిక్కనఁగా గాలి వచ్చు దిక్కు, పోవు దిక్కు గాదు.

ఈ యంకెలు జిల్లాకో మండలమునకో చెప్పఁబడినవి. మీ యొక్క పొలమునకుఁ గావు. కావునఁ గొడవలి పట్టుటకు ముందు తెరను, ఆకసమును రెంటినిఁ జూడుఁడు.